జన్యువు ఒకటే, జబ్బు మాత్రం కొందరికే

తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో నడుం నొప్పితో మెలకువ వస్తుంది. లేచి హాల్లో పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే కాస్త సర్దుకుంటుంది. మళ్లీ పడుకుంటే మళ్లీ మొదలు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు ఆరు నెలలుగా ఇలా బాధపడుతున్నాడంటే ఇంట్లో అందరూ ముందు తప్పుబట్టేది కుర్చీనే. పొద్దస్తమానం లాప్‌టాప్ ముందు కూర్చుంటే నడుం నొప్పి రాక ఏమొస్తుంది అంటారు. కానీ కూర్చుని కూర్చుని వచ్చిన నొప్పి అయితే పడుకుంటే తగ్గాలి. ఇది పడుకుంటే పెరుగుతోంది, నడిస్తే తగ్గుతోంది. ఈ తేడాను పట్టుకున్న డాక్టర్ రాసే పరీక్షల్లో హెచ్‌ఎల్‌ఏ-బి27 ఒకటి. దాని రిపోర్ట్‌లో ఉండేది ఒకటే మాట: పాజిటివ్ లేదా నెగెటివ్. పాజిటివ్ అని వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. తమ్ముడికీ చేయించాలా? రేపు పుట్టబోయే పిల్లలకు వస్తుందా? అసలు మా వంశంలో ఎవరికీ లేదే, వీడికెక్కడి నుంచి వచ్చింది?

ముందు ఆ మాట విలువెంతో చూడాలి. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్నెముక జబ్బుకూ బి27 అనే జన్యు రూపానికీ సంబంధం ఉందని 1973లో లండన్, లాస్ ఏంజెలెస్ బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. యూరప్ మూలాలున్న రోగుల్లో సుమారు 90 శాతం మందికి ఈ రూపం ఉంటుంది. ఒక జన్యువుకూ ఒక జబ్బుకూ ఇంత గట్టి ముడి వైద్యంలో అరుదు. అయితే అదే జనాభాలో ఏ జబ్బూ లేకుండా తిరుగుతున్న వాళ్లలోనూ దాదాపు 8 శాతం మందికి బి27 ఉంటుంది. బి27 ఉన్నవాళ్లను వంద మందిని వరసగా నిలబెడితే, వాళ్లలో ఈ జబ్బు వచ్చేది మహా అయితే ఐదుగురికి. మిగతా తొంభై అయిదు మంది ఆ సంగతి తెలియకుండానే జీవితం గడిపేస్తారు. వంశంలో ఎవరికీ లేదే అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. తల్లికో తండ్రికో ఉండే ఉంటుంది, పైకి కనిపించలేదంతే.

ఆ తొంభై అయిదు మందికి ఎందుకు రాలేదో అర్థం కావాలంటే, హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఒంట్లో చేసే పనేమిటో తెలియాలి.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెంతా కలియబెట్టక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. మన రక్తంలో తిరిగే టీ కణాలు, అంటే జబ్బులతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకం, చేసేదీ అదే. ఒంట్లోని ప్రతి కణం తన లోపలి ప్రొటీన్లను ఎప్పటికప్పుడు చిన్న చిన్న ముక్కలు చేసి, వాటిలో కొన్నింటిని బయటికి తెచ్చి పైపొర మీద చూపిస్తుంది. ఆ ముక్కను పట్టుకుని నిలబడే చెయ్యే హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్. టీ కణం వచ్చి ఆ మెతుకు పట్టి చూస్తుంది. సొంత ప్రొటీన్ ముక్క అయితే తన దారిన తాను పోతుంది. వైరస్ ముక్క అయితే ఆ కణాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. టీ కణం ఎప్పుడూ ఆ చేతినీ, చేతిలోని ముక్కనూ కలిపే చూస్తుందని రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ 1974లో ఎలుకల మీద తేల్చారు. 1996లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈ చేతిలో ఒక గాడి ఉంటుందని, ప్రొటీన్ ముక్క అందులో ఇమిడితేనే బయటికి వస్తుందని 1987లో స్ఫటిక చిత్రాలతో తెలిసింది. ఏ ముక్క ఇముడుతుందన్నది గాడి ఆకారాన్ని బట్టి ఉంటుంది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలు కూర్చిన దండ. బి27 గాడికి తొమ్మిది అమైనో ఆమ్లాల పొడవున్న ముక్కలంటే ఇష్టం, అందులోనూ రెండో స్థానంలో ఆర్జినిన్ ఉన్నవి. వేరే రూపం ఉన్న మనిషి ఒంట్లో వేరే ముక్కలు పైకి వస్తాయి. అంటే ఒకే వైరస్ ఇద్దరికి సోకినా, ఆ ఇద్దరి టీ కణాలూ పట్టి చూసే మెతుకులు ఒకటి కావు.

అందుకే మనుషుల మధ్య అన్నిటికన్నా ఎక్కువ వైవిధ్యం ఉన్న జన్యువులు ఇవే. ఆరో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద గుంపుగా ఉంటాయి. ఇప్పటిదాకా నమోదైన హెచ్‌ఎల్‌ఏ రూపాలు 40 వేలు దాటాయి. ఎముక మజ్జ మార్పిడికి దాతను వెతికేటప్పుడు ‘మ్యాచ్’ చూడటమంటే ఈ జన్యువులు కలిశాయో లేదో చూడటమే. ఈ గుంపు మొత్తం ఒక మూటగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది కాబట్టి, తోబుట్టువుల్లో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. అన్నకు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక బి27 ప్రతి వచ్చి ఉంటే, తమ్ముడికీ అది వచ్చే అవకాశం సగానికి సగం. వచ్చినా జబ్బు వచ్చినట్టు కాదని పైన చూశాం.

ఎంత చిన్న తేడా ఎంత పెద్ద మార్పు తెస్తుందో చూపించడానికి ఇటలీలోని సార్డీనియా ద్వీపాన్ని మించిన ఉదాహరణ లేదు. అక్కడ బి27లో రెండు ఉపరూపాలు కనిపిస్తాయి, 27:05, 27:09 అని. రెండూ ఒక్క అమైనో ఆమ్లం తేడా తప్ప అచ్చు ఒకేలా ఉంటాయి. గాడి అడుగున 116వ స్థానంలో మొదటి దాంట్లో ఆస్పార్టిక్ ఆమ్లం, రెండో దాంట్లో హిస్టిడిన్. మొదటిది ఉన్నవాళ్లలో కొందరికి వెన్నెముక జబ్బు వస్తుంది. రెండోది ఉన్నవాళ్లకు రావడం దాదాపు లేదు. లాబ్ రిపోర్ట్ మాత్రం రెండింటికీ మామూలుగా పాజిటివ్ అనే ముద్రే వేస్తుంది.

ఇక్కడితో కథ అయిపోదు. ముక్కలు గాడిలో పట్టేలా వాటి కొసలు కత్తిరించే కత్తెర ఒకటుంది, పేరు ఈఆర్‌ఏపీ1. ఆ కత్తెర జన్యువులోనూ రకాలున్నాయి. కొన్ని రకాలు వెన్నెముక జబ్బు ముప్పును పెంచుతాయి, అదీ ప్రధానంగా బి27 ఉన్నవాళ్లలోనే. 2011లో వెలువడిన ఈ ఫలితం చాలా మందిని ఆలోచనలో పడేసింది. చెయ్యి ఒక్కటే కాదు, చేతికి అందించే కత్తెర కూడా చూడాలన్నమాట. ఇంట్లో ఇప్పటికే ఒకరికి జబ్బు ఉంటే, బి27 ఉన్న దగ్గరి రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం 10 నుంచి 20 శాతానికి చేరడానికి ఇలాంటి తోడు జన్యువులే ఒక కారణం. బయట జనంలో ఉన్న 5 శాతం కన్నా ఇది ఎక్కువే. అయినా పదిమందిలో ఎనిమిది మంది క్షేమం అన్న మాట మారదు.

బి27 విషయంలో జబ్బును నిద్ర లేపేదేమిటో ఇంకా పూర్తిగా తేలలేదు. పేగుల్లోని బ్యాక్టీరియా మీద అనుమానం బలంగా ఉంది. చిన్నపేగు గోడ దెబ్బతినే సీలియక్ జబ్బు విషయంలో ఆ ఇబ్బంది లేదు. నిద్ర లేపేది రోజూ పళ్లెంలో కనిపించేదే. గోధుమ.

నెదర్లాండ్స్‌లో విల్లెమ్ డికె అనే పిల్లల డాక్టర్ ఉండేవాడు. ఎంత తిన్నా ఒంటికి పట్టక, విరేచనాలతో చిక్కిపోయే పిల్లలను చూస్తూ, దీనికి రొట్టెతో సంబంధం ఉందేమోనని రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నుంచే అనుమానిస్తుండేవాడు. 1944-45 చలికాలంలో ఆ దేశం కరువుతో అల్లాడింది, రొట్టె దొరకలేదు. అందరూ ఆకలితో నీరసిస్తుంటే ఈ పిల్లలు తేరుకున్నారు. యుద్ధం అయ్యాక రొట్టె రాగానే మళ్లీ పడిపోయారు. అనుమానం రూఢి అయింది.

గోధుమలోని గ్లూటెన్‌ను మన జీర్ణరసాలు పూర్తిగా అరిగించలేవు. పొడవాటి ముక్కలు మిగిలిపోతాయి. చిన్నపేగు గోడలో ఉండే ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ ఆ ముక్కల్లోని గ్లుటమిన్‌ను గ్లుటమిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. దాంతో ముక్కకు రుణావేశం వస్తుంది. హెచ్‌ఎల్‌ఏలో డీక్యూ2, డీక్యూ8 అనే రూపాల గాడులకు సరిగ్గా ఆ రుణావేశమే కావాలి. ముక్క తాళంలో చెవిలా బిగుసుకుంటుంది, టీ కణం దాన్ని పరాయిదిగా చూస్తుంది, పేగు గోడ మీద దాడి మొదలవుతుంది. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేని మనిషికి సీలియక్ రావడం దాదాపు అసాధ్యం. ఉన్నవాళ్ల సంగతి వేరు. యూరప్‌లో జనాభాలో మూడోవంతు మందికి ఈ రూపాలున్నాయి, జబ్బు ఉన్నది సుమారు ఒక్క శాతానికే. అంతమందీ రొట్టె తినేవాళ్లే మరి.

ఈ మొత్తం వ్యవహారంలో మన దేశానికి నేరుగా సంబంధించిన అధ్యయనం ఒకటుంది. 2016లో వెలువడిన ఆ పరిశోధనలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల నుంచి 23,331 మందిని పరీక్షించారు. డీక్యూ2 లేదా డీక్యూ8 ఉన్నవాళ్లు ఉత్తరాన 38.1 శాతం, ఈశాన్యంలో 31.4 శాతం, దక్షిణాన 36.4 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. రక్తంలో సీలియక్ యాంటీబాడీలు ఉన్నవాళ్లు మాత్రం ఉత్తరాన 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాన 0.10 శాతం. ఉత్తరానికీ దక్షిణానికీ పన్నెండు రెట్ల తేడా. రోజుకు తినే గోధుమ సగటున ఉత్తరాన 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు.

జన్యువు సమానంగా పంచుకున్నాం, పళ్లెం వేరు. తాతముత్తాతల నుంచి అన్నం తినే ఇళ్లలో డీక్యూ2 ఎవరి జోలికీ పోకుండా తరతరాలుగా చేతులు మారుతూ వస్తోంది. దాన్ని లేపడానికి గోధుమ అందలేదు.

అయితే ఈ అంకెల్లో ఒక తిరకాసు ఉంది. ఈశాన్యంలో తినే గోధుమ రోజుకు 37 గ్రాములే, దక్షిణం కన్నా కాస్తే ఎక్కువ. యాంటీబాడీలు మాత్రం ఎనిమిది రెట్లకు పైగా ఎక్కువ. గోధుమ ఎంత తింటే జబ్బు అంత అనే సూత్రం ఇక్కడ పనిచేయలేదు. అంటే పేగు ఇన్ఫెక్షన్లో, పేగుల్లోని సూక్ష్మజీవులో, మరింకేదో కూడా ఈ లెక్కలో ఉండాలి. ఈ అధ్యయనాన్ని చెప్పుకునేటప్పుడు చాలామంది ఉత్తర దక్షిణాల తేడా చెప్పి ఆపేస్తారు. ఈశాన్యాన్ని వదిలేస్తే కథ అందంగానే ఉంటుంది, కానీ సగమే అవుతుంది.

తెలుగువాళ్ల పళ్లెం కూడా మారుతోంది. షుగర్ ఉందని రాత్రిపూట చపాతీ, పిల్లల డబ్బాలో బ్రెడ్డు, టీతో బిస్కెట్లు, రోడ్డు పక్కన పరోటా, వారానికోసారి పిజ్జా. ఢిల్లీలోనో డాలస్‌లోనో స్థిరపడ్డ ఇళ్లలో ఈ మార్పు ఇంకా ముందే వచ్చింది. అందువల్ల ఇక్కడ సీలియక్ ఉండదులే అన్న పాత ధీమా పనికిరాదు. ఐరన్ మాత్రలు నెలల తరబడి వేసినా పెరగని రక్తం, వయసుకు తగ్గట్టు ఎదగని పిల్లలు కనిపిస్తే ఈ కోణంలోనూ చూడాలి. మరోవైపు, ఇంటర్నెట్‌లో ఏదో చూసి పరీక్ష లేకుండానే గోధుమ మానేసేవాళ్లు తయారయ్యారు. అది ఇంకో చిక్కు. గోధుమ మానేశాక యాంటీబాడీలు తగ్గిపోతాయి, తర్వాత పరీక్ష చేయించినా నిజం బయటపడదు. ముందు పరీక్ష, తర్వాతే పథ్యం.

ఒకే రకం జన్యువులు, వేర్వేరు పరిసరాలు అన్న పోలిక యూరప్‌లోనూ దొరుకుతుంది. ఫిన్లాండ్‌కూ దాని పొరుగునే ఉన్న రష్యాలోని కరేలియా ప్రాంతానికీ మధ్య టైప్-1 మధుమేహంలో ఆరు రెట్ల తేడా ఉంది. ముప్పు పెంచే హెచ్‌ఎల్‌ఏ రూపాలు మాత్రం రెండు వైపులా దాదాపు ఒకే మోతాదులో ఉన్నాయి. సరిహద్దు గీత జన్యువులను విడదీయలేదు, బతుకు తీరును విడదీసింది. కీళ్లవాతంలో, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, బయటి కారణానికి పేరు కూడా ఉంది: పొగ. 2006లో స్వీడన్ పరిశోధకులు చూపించిన ప్రకారం, ముప్పు పెంచే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ రూపం రెండు ప్రతులూ ఉండి, పొగ కూడా తాగేవాళ్లకు ఒక రకం రుమటాయిడ్ ఆర్థరైటిస్ ముప్పు, ఈ రెండూ లేనివాళ్లతో పోలిస్తే 21 రెట్లు.

వంశపారంపర్యం బలమెంతో కొలవడానికి పాత పద్ధతి ఒకరూపు కవలలను చూడటం. ఇద్దరి జన్యువులూ ఒకటే. ఒకరికి సీలియక్ ఉంటే రెండోవారికీ వచ్చే అవకాశం సుమారు నాలుగింట మూడు వంతులు. టైప్-1 మధుమేహంలో 30 నుంచి 50 శాతం. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో 15 శాతం దగ్గరే ఆగిపోతుంది. రక్షణ కణాలే సొంత ఒంటి మీద తిరగబడే ఇలాంటి జబ్బులను ఆటో ఇమ్యూన్ జబ్బులంటారు. ‘ఆటో ఇమ్యూన్ జబ్బులు వంశపారంపర్యమా’ అని గుండుగుత్తగా అడిగితే జవాబు చెప్పలేకపోవడం ఇందుకే. ఏ జబ్బని అడగాలి.

తెలుగు ఇళ్లలో దీని వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది: మేనరికం చేసుకున్నందుకేనా? లూపస్, కీళ్లవాతం, థైరాయిడ్ లాంటి మామూలు ఆటో ఇమ్యూన్ జబ్బుల్లో మేనరికాన్ని ప్రధాన ముద్దాయిగా నిలబెట్టడం కష్టం. వీటి వెనుక పదుల కొద్దీ జన్యువులు తలా కొంచెం వేస్తాయి, ఆ రూపాలు ఊరంతా ఉన్నవే. మేనరికం దెబ్బ తగిలేది ఒక్క జన్యువు రెండు ప్రతులూ చెడితే వచ్చే అరుదైన జబ్బులకు. ఉదాహరణకు ఏఐఆర్‌ఈ అనే జన్యువు. గుండె పైన ఉండే థైమస్ గ్రంథిలో టీ కణాలకు సొంత ప్రొటీన్లను ముందుగానే చూపించి, వాటి మీద తిరగబడేవాటిని ఏరివేయించే పని దీనిది. అది రెండు వైపులా చెడితే ఒక్కో గ్రంథీ దాడికి గురవుతుంది. ఫిన్లాండ్, సార్డీనియా వాసుల్లోనూ ఇరాన్ యూదుల్లోనూ, అంటే తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన సమూహాల్లో, ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది.

థైమస్ జల్లెడ తప్పించుకుని వచ్చిన టీ కణాలను బయట అదుపులో పెట్టే కాపలా కణాలు వేరే ఉన్నాయి. వాటిని నడిపించే జన్యువు ఫాక్స్‌పీ3. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి ఇది చెడితే దెబ్బ ప్రధానంగా మగపిల్లలకే, పసితనంలోనే మధుమేహం, ఆగని విరేచనాలు, చర్మం మంటలు. ఈ కాపలా కణాల కథకే 2025 వైద్య నోబెల్ దక్కింది, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచిలకు.

ఇంత ముప్పు తెచ్చే జన్యు రూపాలు తరతరాల్లో ఎందుకు చెరిగిపోలేదు? ఎక్కువ మందికి ఏ హానీ చేయకపోవడం ఒక కారణం. ఇంకో కారణం, అవి ఒకప్పుడు ప్రాణాలు కాపాడినవి కావడం. బి27 ఉన్నవాళ్లలో కొందరు హెచ్‌ఐవీ సోకినా మందులు లేకుండానే దాన్ని చాలా ఏళ్లు అదుపులో పెట్టగలుగుతారు. ఇన్ఫెక్షన్ మీద గట్టిగా విరుచుకుపడే ఏర్పాటే ఒక్కోసారి సొంత ఒంటి మీదికి తిరుగుతోంది.

దీనికి తలకిందుల ఉదాహరణ టీవైకే2 జన్యువు. అందులో ఒక మార్పు ఉన్నవాళ్లకు సొరియాసిస్, లూపస్ లాంటి చాలా ఆటో ఇమ్యూన్ జబ్బుల ముప్పు తక్కువ. వరమే అనిపిస్తుంది. కానీ ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తే టీబీ ముప్పు పెరుగుతుంది. యూరప్ పాత అస్థిపంజరాల డీఎన్‌ఏ చూస్తే, గత రెండు వేల ఏళ్లలో ఈ మార్పు అక్కడ బాగా తగ్గిపోయిందని, టీబీయే దాన్ని ఏరివేసిందని పరిశోధకులు 2021లో చెప్పారు. మందుల కంపెనీలు ఈ జన్యువు చూపిన దారినే వెళ్లాయి. టీవైకే2 పనిని తగ్గించే డ్యూక్రావాసిటినిబ్ అనే మాత్రకు 2022లో అమెరికాలో సొరియాసిస్‌కు అనుమతి వచ్చింది. ప్రపంచ టీబీ కేసుల్లో దాదాపు నాలుగోవంతు ఉన్న దేశంలో ఇలాంటి మందు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష ఎందుకు చేయిస్తారో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో ఉమ్మి పంపిస్తే ముప్పు స్కోరు చెప్పే కిట్ల గురించి కూడా ఒక మాట. ఆ స్కోర్లకు ఆధారమైన సమాచారంలో అత్యధిక భాగం యూరప్ మూలాలున్న వాళ్లది. పీటీపీఎన్22 అనే జన్యువులోని ఒక మార్పు అక్కడ టైప్-1 మధుమేహం, కీళ్లవాతం రెండింటికీ ముఖ్యమైన గుర్తు. తూర్పు ఆసియాలో అది దాదాపు లేదు, మన దగ్గర అరుదు. మనకు లేని మార్పును వెతికి లేదని చెబితే వచ్చే నిశ్చింతకు అర్థం లేదు. మన వాళ్లలో ముప్పు పెంచే రూపాలు ఆ జాబితాలో లేకపోతే వాటి సంగతి ఆ కిట్‌కు తెలియనే తెలియదు.

మళ్లీ ఆ కుర్రాడి రిపోర్ట్ దగ్గరికి వస్తే, అతడి విషయంలో ఆ పరీక్షకు అర్థం ఉంది. ఎందుకంటే పరీక్ష కన్నా ముందే లక్షణాలున్నాయి. నలభై అయిదేళ్ల లోపు మొదలై, మూడు నెలలు దాటి, పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గే నడుం నొప్పికి బి27 తోడైతే అనుమానం బలపడుతుంది. తుంటి దగ్గరి కీలు ఎంఆర్‌ఐలో వాపు కనిపిస్తే రుమటాలజిస్ట్ మందులు మొదలుపెడతారు. ఏ నొప్పీ లేని తమ్ముడికి అదే పరీక్ష చేయిస్తే చేతికొచ్చేది ఒక మాట, దాంతో చేయగలిగింది ఏమీ లేదు. ముందుగా వేసుకుంటే జబ్బును ఆపే మందు ఇప్పటికైతే లేదు. అతడికి చెప్పాల్సింది వేరే ఉంది. ఎప్పుడైనా కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోతే కళ్లకలక అనుకుని చుక్కలు వేసుకుని ఊరుకోకూడదు. బి27 జబ్బు ఒక్కోసారి వెన్నులో కన్నా ముందు కంట్లోనే బయటపడుతుంది. ఆ రోజు కంటి డాక్టర్‌తో మా అన్నకు ఫలానా జబ్బు ఉందని చెబితే చాలు, తర్వాత ఏ పరీక్ష కావాలో ఆయనే రాస్తారు.